పన్నెండు నల్ల రిబ్బన్లు

నేను ప్రభుత్వ స్కూల్లో పీఈటీని. కొన్నేళ్ళ కిందట అండర్-17 అమ్మాయిల కబడ్డీ జట్టును తీసుకుని పక్క జిల్లాలో జరిగిన టోర్నమెంట్‌కి వెళ్ళాను. మూడు రోజుల పోటీలు. కోర్టులు చక్కగా చదును చేశారు, భోజనాలకు లోటు లేదు. అమ్మాయిలు బట్టలు మార్చుకోవడానికి మాత్రం గది లేదు. మొదటి రోజు అడిగితే రేపటికి చూస్తామన్నారు. రెండో రోజు స్కోరర్ల టెంటు వెనక, మాతో వచ్చిన టీచరమ్మా ఇద్దరు పిల్లలూ దుప్పట్లు అడ్డం పట్టుకుంటే ఒక్కొక్కరే జెర్సీలు మార్చుకున్నారు. కాంపౌండ్ గోడ మీద కుర్రాళ్ళు కూర్చుని చూస్తున్నారు.

మూడో రోజు సెమీఫైనల్. పొద్దున జట్టు గ్రౌండ్‌లోకి వచ్చేసరికి పన్నెండు మంది చేతులకూ నల్ల రిబ్బన్లు ఉన్నాయి. జడలకు కట్టుకునేవే. రాత్రి వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని కట్టుకున్నారు. నినాదాలు లేవు, బోర్డులు లేవు. వరసలో నిలబడి వార్మప్ మొదలుపెట్టారు.

నిర్వాహకుల్లో ఒకాయన నా దగ్గరికి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఏంటి సార్ ఇది? మంత్రిగారు బయల్దేరారు. ఆటల్లో రాజకీయాలేంటి సార్? తీయించండి" అన్నాడు.

నేను తీయించాను. "ముందు ఆట మీద మనసు పెట్టండమ్మా, గది సంగతి తర్వాత నేను మాట్లాడతా" అన్నాను. కెప్టెన్ రిబ్బన్ విప్పుతూ నా మొహం చూడకుండా అడిగింది: "మంత్రిగారు మాట్లాడొచ్చు గానీ, మేం రిబ్బన్ కట్టుకోకూడదా సార్?"

మంత్రిగారు వచ్చారు, నలభై నిమిషాలు మాట్లాడారు. గ్రౌండ్ చుట్టూ ఆయన పార్టీ నాయకుల ఫ్లెక్సీలు. షామియానా రంగు కూడా పార్టీ రంగే. వేదిక మీద ఉన్న ప్రతి ఒక్కరికీ పేరు చదివి శాలువా కప్పారు. ఎండలో వరసగా నిలబడ్డ ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. నా ట్రాక్ సూట్ జేబులో పన్నెండు రిబ్బన్లు ఉన్నాయి.

క్రీడాకారులు పెద్ద పోటీల వేదికను సామాజిక విషయాల కోసం వాడుకోవచ్చా అనే చర్చ ఎక్కడ జరిగినా నాకు ఆ షామియానాయే కనిపిస్తుంది. ఆ చర్చలో అందరూ ఒక మాట ముందే ఒప్పుకుని మొదలుపెడతారు: మైదానం అనేది రాజకీయం అంటని చోటు, ఎవరో ఒక ఆటగాడు వచ్చి దాన్ని అక్కడికి మోసుకొస్తాడు అని. ఇరవై ఏళ్ళుగా గ్రౌండ్లలోనే బతుకుతున్నాను. అలాంటి గ్రౌండ్ నేనింకా చూడలేదు.

సచిన్ ఆట చూస్తూ పెరిగినవాళ్ళకి జింబాబ్వే ఫాస్ట్ బౌలర్ హెన్రీ ఒలోంగా పేరు చెబితే వెంటనే షార్జా గుర్తొస్తుంది. 1998 నవంబరు. లీగ్ మ్యాచ్‌లో ఒలోంగా బౌన్సర్ వేసి సచిన్‌ని అవుట్ చేశాడు. రెండు రోజుల తర్వాత ఫైనల్లో సచిన్ 92 బంతుల్లో 124 నాటౌట్, మనం 10 వికెట్లతో గెలిచాం. ఆ సాయంత్రం మా వీధిలో టీవీ ఉన్న ఇంటి అరుగు మీద కూడా జనమే. ఒలోంగా బంతి బౌండరీ దాటిన ప్రతిసారీ మేం గంతులేశాం. మరుసటి ఏడాది ప్రపంచకప్‌లో లెస్టర్‌లో అతనే బాకీ తీర్చుకున్నాడు. మనం గెలుపు అంచున ఉండగా ఒకే ఓవర్లో రాబిన్ సింగ్, శ్రీనాథ్, వెంకటేశ్ ప్రసాద్ ముగ్గురినీ పడగొట్టాడు. 3 పరుగుల తేడాతో ఓడిపోయాం. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

మా ఊళ్ళో చాలామందికి ఒలోంగా కథ అక్కడితో అయిపోయింది. అసలు కథ 2003 ఫిబ్రవరి 10న హరారేలో జరిగింది.

ఆ ప్రపంచకప్ దక్షిణాఫ్రికాలో జరిగింది, కొన్ని మ్యాచ్‌లు జింబాబ్వే, కెన్యాలకు ఇచ్చారు. జింబాబ్వేలో అప్పటికి రాబర్ట్ ముగాబే పాలన మొదలై ఇరవై ఏళ్ళు దాటింది. ఎన్నికల చుట్టూ హింస, ప్రతిపక్షం వాళ్ళ మీద దాడులు, పొలాల స్వాధీనాలు, తిండి కొరత. జింబాబ్వే మొదటి మ్యాచ్ నమీబియాతో. ఆట మొదలయ్యే ముందు విలేకరుల చేతికి ఒక ప్రకటన అందింది. కింద రెండు సంతకాలు: ఆండీ ఫ్లవర్, హెన్రీ ఒలోంగా. మా ప్రియమైన జింబాబ్వేలో ప్రజాస్వామ్యం చనిపోయినందుకు సంతాపంగా ఈ టోర్నమెంటంతా చేతికి నల్లపట్టీ కట్టుకుంటాం, మానవ హక్కుల ఉల్లంఘన ఆపమని మౌనంగా వేడుకుంటున్నాం అన్నది దాని సారాంశం. కట్టుకున్నది కొన్న పట్టీ కూడా కాదు, నల్ల టేపు చుట్టుకున్నారు.

ఫ్లవర్ తెల్లవాడు, ఆ దేశం కన్న గొప్ప బ్యాట్స్‌మన్. 2000లో నాగపూర్ టెస్టులో మన మీదే 232 నాటౌట్ కొట్టాడు. ఒలోంగా జింబాబ్వే జాతీయ జట్టుకు ఆడిన మొదటి నల్లజాతి క్రికెటర్. ఇద్దరూ కలిసి చేయడంలోనే దాని బలం ఉంది. ఫ్లవర్ ఒక్కడే చేసి ఉంటే పొలాలు పోయిన తెల్లవాళ్ళ అక్కసు అని ఒక్క మాటతో కొట్టిపారేసేవాళ్ళు. ఒలోంగాని అలా అనలేక సమాచార మంత్రి జోనథన్ మోయో అతన్ని తెల్లవాళ్ళ తొత్తుగా చిత్రించి తిట్టాడు. అతని క్లబ్బు అతన్ని బయటికి పంపింది. జాతీయ జట్టులో చోటు పోయింది. ప్రపంచకప్ ముగిసేసరికి ప్రాణభయం మొదలైంది. అప్పటికి అతనికి 26 ఏళ్ళు. ఫాస్ట్ బౌలర్‌కి అసలైన వయసు. ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు, అక్కడినుంచి చాలా ఏళ్ళ తర్వాత ఆస్ట్రేలియా. జింబాబ్వేకి మళ్ళీ ఆడలేదు.

ఈ కథలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది రెండు చిన్న సంగతులు. జింబాబ్వే క్రికెట్ సంఘానికి అప్పుడు ప్యాట్రన్, అంటే గౌరవ పోషకుడు, స్వయంగా ముగాబే. ఆ మ్యాచ్ జరిగిన హరారే స్పోర్ట్స్ క్లబ్ దేశాధ్యక్షుడి నివాసం పక్కనే ఉంటుంది. అలాంటి చోట ప్రపంచకప్ మ్యాచ్ ఆడడమంటే మా దేశంలో అంతా బాగానే ఉందని ప్రపంచానికి చూపించడం. ఆటగాడు ఒక్క మాట మాట్లాడకపోయినా అతని కవర్ డ్రైవ్, అతని యార్కర్ ఆ పనికే వాడుకుంటారు. పచ్చటి మైదానం, నిండిన గ్యాలరీ, నవ్వుతున్న ఆటగాళ్ళు, ఇవన్నీ ఒక ప్రభుత్వానికి ఫ్లెక్సీలే. ఆ ఇద్దరూ కొత్తగా తెచ్చింది ఏమీ లేదు. వాళ్ళ అనుమతి లేకుండా వాళ్ళ ఆటతో ఎవరో చెప్పిస్తున్న మాటకి, ఇది మా మాట కాదు అన్నారు. మా అమ్మాయిల రిబ్బన్లు అన్నదీ అదే. మీరు వేదిక మీద ఆడబిడ్డల సంక్షేమం గురించి మాట్లాడుతుంటే మేం చప్పట్లు కొడతాం, కానీ ఈ గ్రౌండ్‌లో మాకు జెర్సీ మార్చుకునే చోటు లేదు అని.

ఇక్కడ మన దేశం సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లండ్ జట్టు హరారేలో ఆడడానికి వెళ్ళలేదు. భద్రత బాగాలేదని కారణం చెప్పింది, పాయింట్లు వదులుకుంది, ఆ ప్రపంచకప్‌లో మొదటి దశ దాటలేదు. మనం ఫిబ్రవరి 19న అదే మైదానంలో ఆడి గెలిచాం. ఆ రోజు మ్యాచ్ చూస్తూ నేను సచిన్ స్కోరు తప్ప ఇంకేమీ ఆలోచించలేదు. ఆ ఊళ్ళో ఏం జరుగుతోందో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

"ఆటని ఆటగా ఉండనివ్వండి" అనేవాళ్ళని నేను తేలిగ్గా తీసుకోను. వాళ్ళలో నా తోటి పీఈటీలు ఉన్నారు, పొద్దున్నే గ్రౌండ్‌కి వచ్చి పిల్లల కోసం సున్నం గీతలు గీసేవాళ్ళు. పగలంతా గొడవలే, ఆ రెండు గంటలైనా మనుషులు కలిసి కూర్చోవాలి కదా అంటారు. ఆ కోరిక నాకూ ఉంది. అయితే వాళ్ళే కొన్ని సందర్భాల్లో వేరేలా స్పందించడం చూశాను.

2019 మార్చిలో రాంచీలో ఆస్ట్రేలియాతో వన్డేకి మన జట్టు సైనిక టోపీలు పెట్టుకుని దిగింది. పుల్వామాలో చనిపోయిన సీఆర్‌పీఎఫ్ జవాన్లకు నివాళి. ముందే అంతర్జాతీయ క్రికెట్ మండలి ఐసీసీ అనుమతి తీసుకున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. మూడు నెలలకి ప్రపంచకప్‌లో ధోనీ గ్లవ్స్ మీద సైనిక చిహ్నం కనిపిస్తే అదే ఐసీసీ తీసేయమంది. 2025 సెప్టెంబరులో ఆసియాకప్. ఏప్రిల్‌లో పహల్గామ్‌లో 26 మందిని చంపారు, ఆ మంట ఇంకా ఆరలేదు. మన ఆటగాళ్ళు పాకిస్తాన్ వాళ్ళతో చేతులు కలపలేదు, గెలుపును సైన్యానికి అంకితమిచ్చారు. ఫైనల్లో మన హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ 69 నాటౌట్‌తో గెలిపించాక, పాకిస్తాన్ మంత్రి కూడా అయిన ఆసియా క్రికెట్ మండలి అధ్యక్షుడి చేతుల మీదుగా కప్పు తీసుకోలేదు. మా స్టాఫ్ రూమ్‌లో అందరూ మెచ్చుకున్నారు. చేతులు కలపకపోవడం నాకు పూర్తిగా నచ్చలేదు, ఎదుటి ఆటగాడు మనలాంటి ఆటగాడే కదా అనిపించింది. కానీ దుఃఖంలో ఉన్న దేశం తరఫున ఆడుతూ ఏమీ జరగనట్టు ఉండలేమని వాళ్ళకి అనిపిస్తే అది నాకు అర్థమైంది.

దానికి దాదాపు రెండేళ్ళ ముందు, 2023 డిసెంబరులో, ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ ఉస్మాన్ ఖవాజా తన బూట్ల మీద "అందరి ప్రాణాలూ సమానం", "స్వేచ్ఛ మానవ హక్కు" అని రాసుకుని పెర్త్ టెస్టులో దిగాలనుకున్నాడు. గాజాలో చనిపోతున్న పిల్లల గురించి అతని బాధ అది. ఐసీసీ కుదరదంది. రాతల మీద టేపు వేసుకుని, చేతికి నల్లపట్టీ కట్టుకుని ఆడాడు. దానికీ మందలింపు వచ్చింది. తర్వాత టెస్టుకి బ్యాట్ మీద పావురం బొమ్మ పెట్టుకుంటానంటే అదీ ఒప్పుకోలేదు. ఆసియాకప్‌ని మెచ్చుకున్న అదే స్టాఫ్ రూమ్‌లో అప్పుడు వినిపించిన మాట: "క్రికెటర్‌కి ఇవన్నీ ఎందుకు?"

అంటే మైదానంలో మాట్లాడడం మీద ఎవరికీ నిజంగా అభ్యంతరం లేదు. మనకి నచ్చిన మాటైతే అది దేశభక్తి, గౌరవం, నివాళి. నచ్చనిదైతే రాజకీయం. నిర్వాహకుల సంగతీ అంతే. అనుమతి ఉన్న మాట వేడుకలో భాగం, అనుమతి లేనిది క్రమశిక్షణారాహిత్యం. అనుమతి ఎప్పుడూ పెద్దలకే దొరుకుతుంది. సహాయం ఎవరికి అవసరమో వాళ్ళకి దొరకదు.

అలాగైతే రేపు ఎవడో ఒకడు ద్వేషం రాసుకుని వస్తే ఏం చేస్తావు అని ఒక మిత్రుడు గట్టిగా నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. నా వరకు గీత ఇక్కడ ఉంది: ఒక మనిషిని గానీ ఒక జాతిని గానీ కించపరిచే రాత మైదానంలోకి రాకూడదు, ఆట ఆగకూడదు, ఎదుటి ఆటగాడికి అడ్డం రాకూడదు. నల్లపట్టీ వల్ల ఒక్క బంతి కూడా ఆగలేదు. నమీబియా మ్యాచ్‌లో క్రెయిగ్ విషార్ట్ 172 నాటౌట్ కొట్టాడు, జింబాబ్వే గెలిచింది. ఆటకి ఏ లోటూ రాలేదు. ఈ గీత ప్రతిసారీ తేలిగ్గా తేలదని తెలుసు. నాకు నచ్చని మాట కూడా అప్పుడప్పుడూ ఎవరి చేతి మీదో చూడాల్సి వస్తుంది. చూస్తాను.

నాకు అసలు ఇబ్బంది కలిగించేది ఇంకొకటి: పైనుంచి చేయించే నిరసన. 2021 టీ20 ప్రపంచకప్‌లో దుబాయ్‌లో పాకిస్తాన్ మ్యాచ్‌కి ముందు మన జట్టు మోకాలి మీద కూర్చుంది, అమెరికాలో నల్లజాతీయుల ఉద్యమానికి మద్దతుగా. మేనేజ్‌మెంట్ చెప్పింది, చేశాం అని కెప్టెన్ కోహ్లీయే తర్వాత చెప్పాడు. రెండు రోజులకి దక్షిణాఫ్రికా బోర్డు తన ఆటగాళ్ళందరూ మోకరిల్లాలని ఆదేశించింది. క్వింటన్ డికాక్ ఆ మ్యాచే ఆడనన్నాడు, తర్వాత క్షమాపణ చెప్పి మోకరిల్లాడు. అతని కుటుంబంలోనే నల్లజాతివాళ్ళు ఉన్నారు. అతని మనసులో ఏముందో ఆ మోకాలు చూసి ఎవరు చెప్పగలరు? ఆదేశం మీద వంగిన మోకాలు మార్చ్ పాస్ట్‌లో సెల్యూట్ లాంటిది.

అదే దుబాయ్ ఓటమి తర్వాత మహమ్మద్ షమీని మతం పేరు పెట్టి తిట్టారు. ఐదారు రోజులకి కోహ్లీ విలేకరుల ముందు కూర్చుని, మతం పేరుతో మనిషి మీద దాడి చేయడం కన్నా నీచం లేదని, జట్టంతా షమీ వెంట ఉందని చెప్పాడు. అది ఎవరూ రాసిచ్చింది కాదు. చెప్పకపోతే అడిగేవాళ్ళు లేరు. చెప్పినందుకు ఆన్‌లైన్లో అతని పసిబిడ్డని కూడా వదల్లేదు. వారం లోపలే ఒకే కెప్టెన్ రెండు పనులు చేశాడు. నాకు గుర్తుండేది రెండోదే.

మాట్లాడనివాళ్ళ గురించి కూడా చెప్పాలి. 2023లో వినేశ్ ఫోగట్, సాక్షి మలిక్, బజరంగ్ పునియా జంతర్‌మంతర్‌లో కూర్చున్నారు. రెజ్లింగ్ సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలు చేసి, విచారణ కోరారు. మే 28న పోలీసులు ఈడ్చుకెళ్ళారు. 30న పతకాలు గంగలో కలిపేస్తామని హరిద్వార్ వెళ్ళారు, రైతు నాయకులు ఆపారు. అమెరికా ఉద్యమానికి మద్దతిచ్చిన క్రికెటర్లకి మా గోడు పట్టదా అని వినేశ్ అడిగింది. తోటి క్రీడాకారిణిగా ఆ ప్రశ్న అడిగే హక్కు ఆమెకి పూర్తిగా ఉంది. 1983 ప్రపంచకప్ జట్టు ఆ తర్వాత వాళ్ళకి అండగా ప్రకటన ఇచ్చింది. ఆడుతున్నవాళ్ళలో చాలామంది నోరు విప్పలేదు. నాకు కోపం వచ్చింది, పిల్లల ముందే అన్నాను. తర్వాత ఆలోచిస్తే, నేను ఇంట్లో కుర్చీలో కూర్చుని వేరేవాళ్ళ ధైర్యాన్ని కోరుతున్నాను. నాకు అవకాశం వచ్చినప్పుడు నేనేం చేశాను?

ఎందుకు తీయించానో చెప్పాలి. మంత్రికి భయపడలేదు. నా భయం సర్టిఫికెట్. ఆ పన్నెండు మందిలో ఎక్కువమంది కూలీల పిల్లలు, కౌలు రైతుల పిల్లలు. స్పోర్ట్స్ కోటాలో సీటో ఉద్యోగమో వస్తే ఇల్లు నిలబడుతుంది. దానికి కావాల్సిన సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది, రాష్ట్ర జట్టు సెలక్షన్‌లో కూర్చునేది కూడా ఆ నిర్వాహకులే. గది లేదని అడిగిన పిల్ల పేరు వచ్చే ఏడాది జాబితాలో ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఫ్లవర్‌కి ఇంగ్లండ్‌లో కౌంటీ క్రికెట్ ఉంది. తర్వాత ఇంగ్లండ్ కోచ్ అయ్యాడు, 2025లో బెంగళూరుకి ఐపీఎల్ కప్పు వచ్చినప్పుడు కోచ్ అతనే. ఒలోంగాకి అలాంటి ఆసరా లేదు. ఒకే టేపు, ఒకే ప్రకటన, కానీ ఇద్దరూ చెల్లించింది ఒకటి కాదు. అందుకే ఎవరు మాట్లాడాలి, ఎప్పుడు, ఎంత అనేది ఆ మనిషే తేల్చుకోవాలి. చేయమని తోసే హక్కు నాకు లేదు. ఆ అమ్మాయిలైతే లెక్క వేసుకునే కట్టుకున్నారు. సర్టిఫికెట్ సంగతి వాళ్ళకి నాకన్నా బాగా తెలుసు. వాళ్ళ తరఫున నేను భయపడి, వాళ్ళు తీసుకున్న నిర్ణయాన్ని వాళ్ళ చేతులతోనే విప్పించాను.

దీనివల్ల ఏం ఒరిగింది అని అడుగుతారు. ముగాబే 2017 నవంబరు దాకా గద్దె దిగలేదు. నల్లపట్టీ తర్వాత 14 ఏళ్ళకు పైగా. జింబాబ్వే క్రికెట్ ఇంకా దిగజారింది, 2004లో సీనియర్లు బోర్డుతో గొడవపడి బయటికి వెళ్ళారు, కొన్నేళ్ళు టెస్టులే ఆడలేదు. ఆ ఇద్దరూ గెలిచారని నేను చెప్పలేను. కానీ ఆ పట్టీ లేకపోతే ఆ రోజు హరారే నుంచి బయటికొచ్చేది విషార్ట్ స్కోరు ఒక్కటే. పొలం పోయినవాడు, దెబ్బలు తిన్నవాడు, ఓటేసి భయంతో ఊరు వదిలినవాడు ఆ స్కోరుకార్డులో ఎక్కడా లేరు. టేపు ముక్క వల్ల లోకానికి వాళ్ళు కనిపించారు.

గది గురించి ఆ టోర్నమెంట్ తర్వాత నేను నిజంగానే మాట్లాడాను. లేఖ రాశాను, జవాబు రాలేదు. ఫోన్ చేస్తే "వచ్చే ఏడాది చూద్దాం సార్" అన్నారు. ఆ ఏడాదికి కెప్టెన్ వయసు దాటిపోయింది, జట్టులో లేదు.

మొన్న డిసెంబరులో కొత్త జట్టుతో ఇంకో ఊరు వెళ్ళాం. గ్రౌండ్ వేరు, గది లేకపోవడం మామూలే. రాత్రి బస చేసిన స్కూల్లో భోజనాలయ్యాక ఇద్దరు అమ్మాయిలు వచ్చి నా దగ్గర నిలబడ్డారు. ఒకరినొకరు తోసుకున్నారు. చివరికి చిన్నది అడిగింది, రేపు చేతికి నల్ల రిబ్బన్ కట్టుకోవచ్చా సార్ అని. అందరూ ఒప్పుకున్నారా అని అడిగాను. ఇద్దరికి ఇష్టం లేదంది. "వాళ్ళని ఏమీ అనకండి" అన్నాను. సర్టిఫికెట్ విషయం గుర్తుచేశాను. "తెలుసు సార్" అంది.

"సరే, పిన్నీసులు మాత్రం పెట్టకండమ్మా. పట్టుకునేటప్పుడు గుచ్చుకుంటాయి. ముడి వేసుకోండి, రెండు ముళ్ళు."